మన్నా తింటూ రాలిపోయిన తరం

1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. ఇరవై ఏళ్లు గడిచాక 1841లో లెక్క తీస్తే 5,61,041. తగ్గిన ఆ లక్షా డెబ్బై ఏడు వేల మందిలో కొందరు పొట్ట చేతపట్టుకుని ఊరు విడిచిపోయినవాళ్లు, మిగతావాళ్లు మట్టిలో కలిసినవాళ్లు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గుంటూరు సీమను పీల్చి పిప్పిచేసి గోదావరి సీమనూ వదల్లేదు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచేసింది. ఇంత ఆకలి మధ్య గోదావరి ఏటా ఒడ్డులొరుసుకుని పారి, ఎవరి చేనుకూ అక్కరకు రాకుండానే సముద్రంలో కలిసిపోయేది.

బైబిల్లోని సంఖ్యాకాండంలోనూ ఇశ్రాయేలు జనానివి రెండు జనాభా లెక్కలున్నాయి. మొదటిది సీనాయి కొండ దగ్గర తీశారు. ఇరవై ఏళ్లు దాటి, యుద్ధానికి పనికొచ్చే మగవాళ్లు 6,03,550 మంది. రెండోది దాదాపు నలభై ఏళ్ల తర్వాత, యొర్దాను నదికి ఇవతల మోయాబు మైదానాల్లో తీశారు. 6,01,730 మంది. అంకెల్లో పెద్ద తేడా లేదు. పేర్లు చదివితే మాత్రం గుండె చెరువవుతుంది. మొదటి లెక్కలో ఉన్నవాళ్లలో రెండో లెక్క నాటికి మిగిలింది ఇద్దరే. ఒకడు యెహోషువ, ఇంకొకడు కాలేబు. మిగతా ఆరు లక్షల మందీ దారి పొడుగునా ఇసుకలో ఉన్నారు.

గోదావరి జనం తిండి లేక పోయారు. ఇశ్రాయేలు జనం తిండి తింటూ పోయారు. ఆ నలభై ఏళ్లలో వాళ్లకు మన్నా తప్పలేదు. ఒంటిమీది బట్ట చివికిపోలేదు, నడిచి నడిచి కాళ్లు వాయలేదు. పగలు మేఘం నీడ పట్టింది, రాత్రి అగ్నిస్తంభం వెలుగు చూపింది. ఫరో సైన్యం వాళ్లను చంపలేదు. కరువు చంపలేదు. ఆ తరాన్ని లోపలినుంచి తినేసింది సణుగుడు. వాళ్ల సంగతి మనకు బుద్ధి చెప్పడానికే రాసిపెట్టారని కొరింథు సంఘానికి పౌలు గుర్తు చేశాడు. కాలువ నీళ్లతో మూడు పూటలా అన్నం తింటున్న మన డెల్టా సంఘాలు ఈ విషాదాన్ని మళ్లీ ఒకసారి నిదానంగా చెప్పుకోవాలి.

కథ పాటతో మొదలైంది. ఎర్ర సముద్రం దాటిన పొద్దున, అహరోను అక్క మిర్యాము తంబుర పట్టుకుని ముందు నడిచింది. ఆడవాళ్లంతా ఆమె వెనక నాట్యమాడుతూ పాడారు. ఐగుప్తులో తరతరాల వెట్టి ఆ ఒక్క రాత్రితో తెగిపోయింది. ఆ పొద్దున అక్కడ పాడని గొంతు లేదు. ఆ పాట చల్లారడానికి పట్టింది మూడు రోజులు. మూడు రోజులు నడిచాక మారా అనే చోట నీళ్లు దొరికాయి, అవి చేదు. సముద్రాన్ని చీల్చినవాడికి ఓ గుంట నీళ్లు తియ్యగా చేయడం ఎంత పని అని ఒక్కరికీ తోచలేదు. మోషే మీద పడ్డారు. మోషే మొరపెట్టాడు. దేవుడు ఒక చెట్టు చూపించాడు, అది వేస్తే నీళ్లు తియ్యగా మారాయి. అక్కడినుంచి వాళ్లు దిగిన మజిలీ ఏలీము. అక్కడ పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బై ఈతచెట్లు. మారా దగ్గర గొణిగినవాళ్లకు ఏలీము అంత దగ్గర్లో ఉందని తెలియదు. వాళ్లను నడిపిస్తున్నవాడికి తెలుసు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సీనాయికి రాకముందు వాళ్లు గొణిగిన ఏ సందర్భంలోనూ శిక్ష పడలేదు. మారాలో నీళ్లు తియ్యగా మారాయి. ఆకలి అన్నప్పుడు మన్నా కురిసింది. రెఫీదీములో దాహమన్నప్పుడు బండ పగిలి నీళ్లొచ్చాయి. దాహం వేసినందుకు దేవుడు ఎవరినీ తప్పుపట్టలేదు. నిన్నటిదాకా బానిసలుగా బతికిన జనానికి నమ్మడం ఒక్కరోజులో రాదని ఆయనకు తెలుసు. చంటిపిల్లల ఏడుపును తల్లి ఓర్చుకున్నట్టు ఓర్చుకున్నాడు.

మన్నా వాళ్ల జీవితంలోకి ఎలా వచ్చిందో కూడా చూడాలి. తెల్లవారి మంచు విడిపోయాక నేలమీద సన్నటి గింజలు కనిపించేవి. మనిషికి ఒక ఓమెరు చొప్పున ఏరుకోవాలి. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి చాలకపోలేదు. రేపటికని దాచితే పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి మాత్రం ముందురోజే రెట్టింపు దొరికేది, అది పాడయ్యేది కాదు. గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం అడిగిన ఫరో పని చేయించేవాళ్ల కింద బతికినవాళ్లకు, కొరడా లేని అన్నం అదే మొదటిసారి. ఏడు రోజుల్లో ఒకరోజు సెలవు కూడా అదే మొదటిసారి.

రెండో ఏడు రెండో నెలలో మేఘం సీనాయి నుంచి కదిలింది. ఆ కొండ నుంచి కాదేషు బర్నేయకు పదకొండు రోజుల ప్రయాణం. అక్కడినుంచి వాగ్దాన దేశమైన కనాను పొలిమేర కనిపిస్తుంది. ఆ పదకొండు రోజుల దారిలోనే పతనానికి పునాది పడింది. తబేరాలో ఏ కారణమో కూడా గ్రంథంలో కనిపించదు, జనం ఉత్తినే గొణిగారు. పాళెం అంచున నిప్పు రాజుకుంది. మోషే ప్రార్థించాక ఆరింది. ఆ బూడిద చల్లారేలోగానే ఇంకో కోరిక రగిలింది. మాంసం కావాలి. ఐగుప్తులో ఊరికే తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు ఒక్కొక్కటే తలుచుకుని ఏడ్చారు.

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి చేపల పులుసు కోసం నాలుక ఎలా లాగుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. లంకల్లో కాసిన దోసకాయ రుచి ఊరు విడిచి వెళ్లినవాణ్ణి ఎక్కడున్నా పిలుస్తుంది. ఆ రుచి తలుచుకోవడంలో తప్పు లేదు. కానీ ఆ చేపలు ఏ నదివి? ఫరో ఆజ్ఞతో వాళ్ల మగబిడ్డలను విసిరేసిన నదివి. మోషేను వాళ్లమ్మ పెట్టెలో పెట్టి వదిలింది ఆ నీళ్లలోనే. ఆ నదిలో చేపలు ఊరికే దొరికాయని చెప్పుకుంటున్నారంటే, బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల ఏడుపు వాళ్ల చెవుల్లోంచి జారిపోయిందన్నమాట. సణుగుడు మొదట నాలుకను పట్టుకోదు, జ్ఞాపకాన్ని పట్టుకుంటుంది. జరిగిన మేలును చెరిపేస్తుంది, జరిగిన కీడుకు రంగు వేస్తుంది. ఆ తర్వాత నోరు తనంతట తనే తెరుచుకుంటుంది.

దేవుడు మాంసమే ఇచ్చాడు. సముద్రం వైపు నుంచి గాలి పూరేళ్లను తోలుకొచ్చింది. రెండు పగళ్లూ ఒక రాత్రీ ఏరుకున్నారు. మాంసం ఇంకా పళ్ల మధ్య ఉండగానే తెగులు వచ్చిపడింది. ఆశపడినవాళ్లను అక్కడే పాతిపెట్టారు. ఆ చోటుకు కిబ్రోతు హత్తావా అని పేరు, కోరికల సమాధులు అని దాని అర్థం.

అదే అధ్యాయంలో ఇంకొకరు కూడా విసిగిపోయారు. ఆయన మోషే. ఈ జనాన్నంతా నేను కన్నానా, చంటిపిల్లల్లా చంకనేసుకుని నేనొక్కణ్ణే మొయ్యాలా, నామీద దయ ఉంటే ఇప్పుడే చంపేయి అన్నంతగా దేవుడి దగ్గర కుమిలిపోయాడు. జనం మాటలకన్నా ఈ మాటలే కటువుగా ఉన్నాయి. ఆయనమీద నిప్పు పడలేదు. బరువు పంచుకోవడానికి డెబ్బైమంది పెద్దలను దేవుడు తోడిచ్చాడు. తేడా ఎక్కడుంది? జనం ఎవరి గుడారం గుమ్మంలో వాళ్లు కూర్చుని ఏడ్చారు. మోషే ఆ బాధను నేరుగా దేవుడి ముందు కుమ్మరించాడు. మొర అంటే దేవుడి మొహం చూసి ఏడవడం. సణుగుడు అంటే దేవుడికి వీపు తిప్పి, పక్కవాడి చెవిలో దేవుడిమీద నేరం మోపడం. ఇద్దరి కన్నీళ్లూ ఉప్పనే. ఒకటి దేవుడి దగ్గరికి చేరుస్తుంది, ఇంకొకటి దూరం చేస్తుంది.

ఆ తర్వాత సముద్రపు ఒడ్డున పాటెత్తిన మిర్యాము గొంతులోకే ఆ విషం పాకింది. తమ్ముడిమీద మాట తూలింది, కుష్ఠు పట్టింది. ఏడు రోజులు పాళెం వెలుపల ఉండాల్సొచ్చింది. ఆమె తిరిగొచ్చేదాకా జనమంతా కదలకుండా ఆగారు. ఒకరి నోటి దోషానికి జనమంతా వారం రోజులు వెనకబడింది.

కాదేషు చేరారు. గోత్రానికి ఒకడు చొప్పున పన్నెండుమంది వేగులవాళ్లు నలభై రోజులు దేశమంతా తిరిగి వచ్చారు. అది తొలి ద్రాక్షపళ్ల కాలం. ఎష్కోలు లోయలో కోసిన ఒక్క గెలను ఇద్దరు కావడి కర్రమీద మోసుకొచ్చారు. దానిమ్మపళ్లు, అంజూరపళ్లు తెచ్చారు. అందరూ ఆ పళ్లను కళ్లారా చూశారు. అయినా పదిమంది చెప్పిన ఎత్తైన మనుషుల కథే చెవికెక్కింది. వాళ్ల ముందు మేం మిడతల్లా ఉన్నామన్నారు. ఆ రాత్రంతా పాళెం ఏడ్చింది. ఐగుప్తులోనో ఈ అడవిలోనో చచ్చిపోయినా బాగుండేదని ఆరు లక్షల నోళ్లు అన్నాయి. ఇంకో నాయకుణ్ణి పెట్టుకుని వెనక్కి పోదామనుకున్నారు. కాలేబు, యెహోషువ బట్టలు చింపుకుని బతిమాలితే వాళ్లను కొట్టడానికి రాళ్లెత్తారు.

తీర్పు వచ్చింది. అందులో కొత్త మాట ఒక్కటీ లేదు. వాళ్లు కోరుకున్నదే దేవుడు వాళ్లకిచ్చాడు. అడవిలో చచ్చిపోతే బాగుండేదన్నారు, అడవిలోనే చావండన్నాడు. మా పిల్లలు దోపిడీ అయిపోతారన్నారు, ఆ పిల్లలే దేశంలో అడుగుపెడతారన్నాడు. వేగు చూసిన ఒక్కో రోజుకు ఒక్కో ఏడాది, నలభై రోజులకు నలభై ఏళ్లు. ఆ తీర్పు విన్నాక తెల్లారేసరికి మనసు మారి, ఇప్పుడు వెళ్తామని కొండెక్కారు. మోషే వద్దన్నాడు. మందసం పాళెంలోనే ఉండిపోయింది. అమాలేకీయులు, కనానీయులు కొండదిగి వచ్చి హోర్మా దాకా తరిమి కొట్టారు. పోవలసిన రోజు పోలేదు, పోకూడని రోజు పోయారు.

ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు. జెరెదు వాగు దాటేదాకా ఆ ముప్పై ఎనిమిదేళ్ల గురించి బైబిలు దాదాపు మౌనంగా ఉండిపోతుంది. రోజులు గడిచాయి, మనుషులు పోయారు. లెక్కకొచ్చిన మగవాళ్లను మాత్రమే తీసుకున్నా రోజుకు సగటున నలభై ముగ్గురు చనిపోయారు. వాళ్ల భార్యలను కలిపితే ఇంకెంతమందో. పొద్దున్నే గంప పట్టుకుని మన్నా ఏరడానికి వెళ్లే దారిలో రాత్రి తవ్విన సమాధులు కనిపించేవి. సాయంత్రం ఇంకో గుడారంలోంచి ఏడుపు వినిపించేది. కొడుకులు తండ్రులను పాతిపెట్టి, మర్నాడు మేఘం లేస్తే ఆ సమాధిని అక్కడే వదిలి నడిచారు. మళ్లీ ఏనాడైనా వచ్చి దీపం పెట్టడానికి అది ఊరు కాదు, వల్లకాడు కాదు, వట్టి మజిలీ.

ఈ ముప్పై ఎనిమిదేళ్లలో ఏనాడూ మన్నా తప్పకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేస్తుంది. శిక్ష పడినవాళ్లకు కూడా అన్నం తప్పలేదు. తనను తిట్టిన నోటికే ఆయన రోజూ ముద్ద అందించాడు. ఆ తరం ముసలివాళ్లలో కొందరైనా చివరి రోజుల్లో ఆ గింజలు చేతిలోకి తీసుకుని, ఇన్నాళ్లూ ఇది ఎవరు పెట్టారు అని ఒక్కసారి ఆగి ఉంటారా అనిపిస్తుంది. ఆగి ఉంటే వాళ్లకు కనాను దొరక్కపోయినా దేవుడు దొరికి ఉంటాడు.

ఆ మౌనంలోంచి వినిపించే పెద్ద గోల కోరహుది. రెండువందల యాభైమంది పేరున్న పెద్దలను కూడగట్టుకుని మోషే అహరోనుల మీద లేచాడు. అతనితో చేరిన దాతాను, అబీరాములను మోషే పిలిస్తే రామన్నారు. పాలు తేనెలు ప్రవహించే దేశంనుంచి తెచ్చి మమ్మల్ని చంపుతున్నావన్నారు. వాళ్లు ఆ పేరు పెట్టింది ఐగుప్తుకు. దేవుడు కనాను గురించి చెప్పిన మాటను తీసి ఫరో దేశానికి తొడిగారు. చేపలు తలుచుకోవడంతో మొదలైన మరపు, బానిసకొంపనే స్వర్గమనేదాకా వచ్చింది. భూమి నోరు తెరిచి వాళ్లను మింగింది. మర్నాడే జనం మళ్లీ మోషేనే నిందించారు. ఈసారి తెగుల్లో 14,700 మంది పోయారు. చచ్చినవాళ్లకూ బతికినవాళ్లకూ మధ్య ధూపార్తి పట్టుకుని అహరోను నిలబడ్డాక గానీ ఆ తెగులు ఆగలేదు.

నలభయ్యో ఏట విషాదం నాయకుల ఇళ్లలోకి వచ్చింది. మిర్యాము కాదేషులో చనిపోయింది. అక్కడే మళ్లీ నీళ్లు లేవని జనం గోల చేశారు. అక్కను పోగొట్టుకున్న మోషే ఓపిక ఆరోజు తెగిపోయింది. బండతో మాట్లాడమన్నప్పుడు జనాన్ని తిట్టి రెండుసార్లు కర్రతో కొట్టాడు. నీళ్లొచ్చాయి. ఆయనకూ అహరోనుకూ మాత్రం దేశంలో ప్రవేశం పోయింది. నలభై ఏళ్లు సణుగుడు మధ్య బతికితే ఎంత సాత్వికుడికైనా ఆ సెగ తగులుతుంది. అహరోను హోరు కొండమీద కన్నుమూశాడు. మోషే నూట ఇరవై ఏళ్ల వయసులో, చూపు మందగించకుండానే, నెబో కొండమీంచి దేశమంతా చూసి అక్కడే ఆగిపోయాడు.

మోషే పోకముందే ఇంకొకసారి జనం నోరు జారారు. ఆకాశంనుంచి వచ్చే రొట్టె చవిలేనిదన్నారు, అదంటేనే అసహ్యమన్నారు. పాములు కాటేశాయి. మోషే ఇత్తడి సర్పాన్ని స్తంభంమీద ఎత్తి నిలబెడితే దానివైపు చూసినవాళ్లు బతికారు. ఆ సర్పంలో తన సిలువను చూపించాడు యేసు, రాత్రివేళ తన దగ్గరికి వచ్చిన నీకొదేముతో. సణిగినవాళ్లకు కూడా చూపు తిప్పుకుంటే బతుకు ఉంది. ఈ విషాదంలో వెలుగు ఉన్న చోటు అదొక్కటే, అది చాలు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఆ ఆకలి రోజుల్లోనే, 1836లో, ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీతో కలిసి విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో ఓడెక్కి మద్రాసు వచ్చారు. బౌడెన్, బీర్ ఇద్దరూ ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ప్రాంతంవాళ్లు. ఒకరు రాతిపని చేసేవారు, ఇంకొకరు చెప్పులు కుట్టేవారు. నరసాపురం, పాలకొల్లులను తమ ఊళ్లుగా చేసుకున్నారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. 1844లో ఆర్థర్ కాటన్ ఈ జిల్లా దుస్థితిని, నది ఇవ్వగల మేలును నివేదికలో రాశాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం దగ్గర నాలుగు పాయలకూ ఆనకట్ట కట్టారు. ఆ పనికి వచ్చిన వేలాది కూలీల మధ్య మిషనరీలు సువార్త చెప్పారు. తర్వాత ఈ డెల్టా అంతటా లూథరన్, బాప్టిస్టు సంఘాలూ వేళ్లూనాయి. నది సముద్రంలోకి వృథాగా పోవడం తగ్గి చేలల్లోకి మళ్లింది. నేడు దాదాపు పది లక్షల ఎకరాలు ఆ నీళ్లు తాగుతున్నాయి. సార్వా, దాళ్వా రెండు పంటలు. కరువు సీమ అన్నపూర్ణ అయింది.

ఈ సంఘాల్లో మొదట దేవుణ్ణి స్తుతించినవాళ్లు ఎక్కువమంది సెంటు భూమి లేని మాల మాదిగ కూలీలు. ఆ పేటల్లో పొయ్యిమీద ఎసరు పెట్టేముందు గుప్పెడు బియ్యం తీసి దేవుడికని పక్కన పెట్టిన తల్లులున్నారు. పిల్లలకే చాలని బియ్యంలోంచి తీసిన గుప్పెడు అది. కోతల పండుగనాడు తొలి పనలు, కొబ్బరి గెలలు, గుమ్మడికాయలు, కోళ్లు మందిరానికి తెచ్చి వేలం పాడే ఆచారం నేటికీ ఉంది. తక్కువ ఉన్నవాళ్లకు కృతజ్ఞత ఎందుకు తేలికైంది? పోయినదాని జ్ఞాపకం వాళ్ల ఒంట్లో ఉంది గనుక. అన్నం ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లు మరిచిపోలేదు.

మరి ఇప్పుడు? కాలువ నీళ్లు గుమ్మం ముందుకు వచ్చినా, పెంకుటిల్లు డాబా అయినా, ఆదివారం మందిరంనుంచి తిరిగొచ్చేటప్పుడు మన దారి మాటలు ఏమిటి? పాస్టరుగారి ప్రసంగం పొడుగైంది, పాటలవాళ్లకు శ్రుతి లేదు, ఫలానావాళ్లను ముందు కూర్చోబెట్టారు, మా కానుక చదవలేదు. ఇంటికొచ్చాక మాటలు ఇంకా ముదురుతాయి. పక్కింటివాళ్ల స్థలం, బావగారి వాటా, అల్లుడి ఉద్యోగం. ఇందులో మందిరం గడప దాటి దేవుడి దాకా వెళ్లిన మాట ఒక్కటీ ఉండదు. పిల్లలు పక్కనే అన్నం తింటూ అన్నీ వింటారు. దేవుడు మన ఇంటికి ఏం చేశాడో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఏం చేయలేదో మాత్రం రోజూ వింటున్నారు. కాదేషులో పెద్దవాళ్లు ఏడ్చిన రాత్రి గుడారాల్లో పిల్లలు నిద్రపోయి ఉండరు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కృతజ్ఞత పేరు చెప్పి ఎవరి కన్నీటినీ అణచకూడదు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు తోటతో పాటు మనిషినీ పోగొట్టుకున్న ఇల్లాలు గుండెలు బాదుకుంటే అది సణుగుడు కాదు. కోతకొచ్చిన వరి నీళ్లలో మొలకెత్తితే కౌలు ఎలా కట్టాలో తెలియక గట్టుమీద కూలబడ్డ కౌలురైతుది సణుగుడు కాదు. గల్ఫులో పరాయి ఇంటి వంటగదిలో పనిచేస్తూ ఇక్కడి పిల్లల గొంతు ఫోనులో విని ఏడ్చే తల్లిది సణుగుడు కాదు. కూలి తగ్గించి ఇచ్చినవాణ్ణి కూలివాడు నిలదీస్తే, ఉన్నదానికి కృతజ్ఞుడవై ఉండమని వాడికి వాక్యం చూపించడం పాపం. ఐగుప్తులో ఇటుకలు చేసినవాళ్ల మొర విని దేవుడు దిగివచ్చాడు. ఆయన వాళ్లను నోరు మూసుకోమనలేదు, ఫరోను వాళ్లను విడిచిపెట్టమన్నాడు.

దీనికి సాక్ష్యం ఆ సంఖ్యాకాండంలోనే ఉంది. రెండో లెక్క ముగిసిన వెంటనే ఐదుగురు అక్కచెల్లెళ్లు ప్రత్యక్షపు గుడారం గుమ్మం దగ్గరికి వచ్చారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. మనష్షే గోత్రంవాడైన సెలోపెహాదు కూతుళ్లు. తమ తండ్రి కోరహు గుంపులో చేరలేదనీ, తన పాపంతోనే అడవిలో పోయాడనీ చెప్పారు. కొడుకులు లేనంతమాత్రాన ఆయన పేరు చెరిగిపోవాలా, మాకూ భూమిలో భాగం ఇవ్వండని మోషే ముందు, యాజకుడైన ఎలియాజరు ముందు, పెద్దల ముందు, సమాజమంతటి ముందు అడిగారు. అది అసంతృప్తే, అన్యాయాన్ని ఎత్తిచూపడమే. మోషే ఆ మాటను దేవుడి దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లు చెప్పింది న్యాయమని దేవుడు అన్నాడు. వాళ్లకోసం కొత్త కట్టడ పెట్టాడు. యెహోషువ కాలంలో వాళ్లకు భాగం వచ్చింది.

ఆ అమ్మాయిలు వాటా అడిగింది ఏ భూమిలో? ఇంకా యొర్దాను దాటలేదు. నదికి అవతల ఒక్క పట్టణం కూడా చేతికి రాలేదు. ఎష్కోలు ద్రాక్షగెల చూసి కూడా వాళ్ల తండ్రుల తరం ఆ దేశం రాదని ఏడ్చింది. ఆ దేశాన్ని కంటితో చూడని కూతుళ్లు అది వచ్చేసినట్టే వాటా అడిగారు. అడిగిన ఆ మాటలోనే నమ్మకం ఉంది, ఇస్తానన్నవాడిమీద కృతజ్ఞత ఉంది. వాళ్లు పెరిగింది సణుగుడు నిండిన పాళెంలోనే. రోజుకు నలభై ముగ్గురి ఏడుపు విన్నది వాళ్ల చెవులే. అయినా ఆ ఏడుపును వారసత్వంగా తీసుకోలేదు. గుడారంలో కూర్చుని గొణగకుండా లేచి గుమ్మం దాటి, దేవుడి సన్నిధికి వచ్చి, అందరి ముందు అడిగారు.

మన సంఘాలు ఎంచుకోవలసింది ఆ ఐదుగురి దారి. మేలు జరిగితే దాన్ని నలుగురిలో నిలబడి సాక్ష్యంగా చెప్పాలి. మన ఇంటికి దేవుడు చేసినవాటిని తారీఖులతో సహా పిల్లల చెవిన వేయాలి. మా తాతలు ఏ ఊరినుంచి ఏ ఆకలితో వచ్చారో, మొదటి ఎకరం ఏ ఏడు కొన్నామో, జ్వరం వచ్చి ఎవరు చావు తప్పించుకున్నారో చెప్పాలి. అన్యాయం కనిపిస్తే దాన్ని వంటింట్లో నమలకుండా తీర్చగలిగినవాళ్ల ముందు పెట్టాలి, ముందుగా దేవుడి ముందు పెట్టాలి. తీరని బాధ ఉంటే మోషేలాగే ఆయన ముందే ఏడవాలి. ఆరు లక్షల మంది చేయలేకపోయినది ఇదే. వాళ్లకు నోరుంది, దుఃఖం ఉంది, దేవుడు పాళెం నడుమనే ఉన్నాడు. ఆ నోటిని ఆయనవైపు తిప్పలేదు. మనం తిప్పుదాం. మన బాధ ఆయనకు చెప్పుకుందాం, ఆయన చేసిన మేలు మన పిల్లలకు చెబుదాం.